లిజీ బోర్డెన్‌కి ఫిట్స్ ఉండేవంటారా? మా మేనత్తను చూసినవాడిగా నాకో అనుమానం

పాలకొల్లు మందుల షాపు:

అందరికీ నమస్కారమండి. పాత హత్య కేసుల మీద మీరంతా రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదలు. మాది పాలకొల్లు, మందుల షాపు. మా నాన్నగారు కాంపౌండరు. సీసాకి కత్తెరతో గళ్ళు కోసిన కాగితం అంటించి, "పొద్దున ఒక గుర్తు, రాత్రి ఒక గుర్తు" అని చెప్పి ఎర్రమందు ఇచ్చిన కాలం ఆయనది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

కేసు తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1892 ఆగస్టు 4, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఫాల్ రివర్ అనే నూలు మిల్లుల ఊరు. ఆండ్రూ బోర్డెన్ అని డబ్బున్న పిసినారి. పట్టపగలు ఆయన్నీ, ఆయన రెండో భార్య ఆబీనీ ఇంట్లోనే ఎవరో చేతిగొడ్డలితో నరికేశారు. ఆవిడకి 18 పైన దెబ్బలు, ఆయనకి 10 పైన. ఆ సమయంలో ఇంటి దగ్గర ఉన్నట్టు తేలింది ఇద్దరే. 32 ఏళ్ళ కూతురు లిజీ, పనిమనిషి బ్రిజెట్. పెద్దకూతురు ఎమ్మా ఊళ్ళో లేదు. కేసు లిజీ మీద పడింది. 1893 జూన్ 20న జ్యూరీ నిర్దోషి అని చెప్పి వదిలేసింది. ఆ తర్వాత ఇంకెవరి మీదా కేసు నడవలేదు. కాబట్టి ఆవిడే చేసిందని నేను అనడం లేదండి. చేసుంటే, అన్న మాట మీదే నా ప్రశ్నంతా.

ఆ ఊళ్ళోనే పెరిగిన ఒక రచయిత్రి 1967లో ఒక వాదన తెచ్చింది. లిజీకి టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ, అంటే మెదడులో కణతల వైపు భాగంలో పుట్టే ఫిట్స్, ఉండేదని, నెలసరి రోజుల్లో ఏడాదికి కొన్నిసార్లు మనిషి అదోలా అయిపోయేదని, ఆ మైకంలోనే సవతి తల్లిని చంపిందని. అప్పట్లో ఎవరూ కనిపెట్టని జబ్బన్నమాట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో అచ్చం అదే జబ్బు చూశాను.

మా మేనత్త. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నట్టుండి "బెల్లం మాడుతున్న వాసన వస్తోందే" అనేది. ఇంట్లో బెల్లం ఊసే ఉండదు. ఆ మాట అన్న కాసేపటికి చూపు ఒకచోట నిలిచిపోయేది. నోట్లో ఏమీ లేకుండా చప్పరించేది. పైట చెంగు రెండు వేళ్ళతో నలుపుతూ ఉండేది. పిలిస్తే పలుకు లేదు. నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. తర్వాత ఓ పావుగంట ఇది ఏ ఊరో, మేమెవరమో తెలియనట్టు చూసేది. కింద పడి కొట్టుకోవడం, నురగ రావడం లేవు కాబట్టి దాన్ని ఫిట్స్ అని ఎవరూ అనుకోలేదు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు, వేపమండలు అన్నీ అయ్యాయి. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్ళాల్సి వస్తే నాన్న ఆవిడ్ని అంచున నిలబడనిచ్చేవారు కాదు.

గోదావరికి పెద్ద వరద వచ్చిన 1986 ఆగస్టులో లంకల్లో చుట్టాలంతా మా ఇంట్లో దిగారు. ఆ సందడిలో అత్తయ్యకి వచ్చింది. విషయం తెలియని బాబాయి ఒకాయన భయపడి ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. అంతే, ఒక్క తోపు. ఆయన వెళ్ళి గడపకి కొట్టుకుంటే నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. నాన్నే వేశారు. ఆవిడ బలం చూసి నేను హడలిపోయాను. గిన్నెడు గంజి వార్చడానికి ఆయాసపడే మనిషి! తెలివొచ్చాక బాబాయి నుదురు చూసి "ఎవరు కొట్టార్రా ఆయన్ని?" అని అడిగింది. నటన కాదు, నిజంగానే తెలియదు ఆవిడకి.

అదీ నా అనుమానం. ఆ తోపు చేతిలో గొడ్డలి ఉండగా వస్తే? లిజీ కూడా "నాకేం తెలియదు" అన్నది అబద్ధం కాకపోవచ్చు కదా? వైద్యం తెలిసినవాళ్ళు, కోర్టు తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజోలు సిస్టర్:

తమ్ముడుగారూ, మీ అత్తయ్య గురించి రాసింది చదువుతుంటే మా వార్డు కళ్ళకు కట్టింది. విశాఖలో 11 ఏళ్ళు న్యూరో వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. చప్పరించడం, చెంగు నలపడం, లేని వాసన రావడం, అచ్చం అదే జబ్బు. నెలసరికి ముందు, ఆ మొదటి రోజుల్లో ఫిట్స్ ఎక్కువయ్యే ఆడవాళ్ళూ ఉంటారు. ఆ రోజుల్లో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల అలా అవుతుంది. ఆ రచయిత్రి ఊరికే పుట్టించిన మాట కాదది.

కానీ మీరు చెప్పిన తోపే మీ అనుమానానికి జవాబు. బాబాయిగారు పట్టుకున్నారు కాబట్టి తోశారు. పట్టుకోకపోతే తోసేవారు కాదు. ఫిట్ మధ్యలోనూ, ఫిట్ అయ్యాకా కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను. అందరూ చెయ్యి పట్టుకున్నవాడినే, మంచానికి అదిమినవాడినే కొట్టారు. లేచి వెళ్ళి, వస్తువు వెతికి తెచ్చుకుని, పక్క గదిలో మనిషిని కొట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ట్రైనీ పిల్లలకి మేము చెప్పే మొదటి మాటే, పట్టుకోవద్దు, పక్కన ఉన్న గట్టి వస్తువులు తీసెయ్యి చాలు అని.

ఇక ఆ రోజు టైము చూడండి. ఆబీ పోయింది తొమ్మిదిన్నర ప్రాంతంలో, మేడ మీద గదిలో. పెద్దాయన బయటి నుంచి వచ్చిందే పదీముప్పావుకి. పోయింది పదకొండు ప్రాంతంలో, కింద సోఫా మీద. రక్తం గడ్డకట్టిన తీరు, కడుపులో తిండి అరిగిన తీరు చూసి ఇద్దరి మధ్య గంటా గంటన్నర తేడా అని డాక్టర్లే సాక్ష్యం చెప్పారు. రెండు నిమిషాల జబ్బు గంటన్నర ఆగి రెండోసారి గొడ్డలి పట్టదండి. మధ్యలో లిజీ ఇస్త్రీ పని పెట్టుకుంది, తండ్రితో మాట్లాడింది, "ఎవరికో ఒంట్లో బాగాలేదని చీటీ వస్తే అమ్మ బయటికి వెళ్ళింది" అని చెప్పింది. ఆ చీటీ ఎవరికీ దొరకలేదు.

ఒక్క దారి మాత్రం ఉంది, దాచడం ఎందుకు. వరసగా బోలెడు ఫిట్స్ వచ్చాక, ఒకటి రెండు రోజులు బాగానే ఉండి, అప్పుడు మతి చెదిరే స్థితి ఒకటుంది. అందులో మనిషి నిజంగా ప్రమాదమే. అయితే దానికి ముందు ఇల్లంతా చూసేలా ఫిట్స్ రావాలి. బ్రిజెట్ ఆ ఇంట్లో మూడేళ్ళకు దగ్గరగా పనిచేసింది. ఎంగిలి గిన్నెల దగ్గర్నుంచి అన్నీ కోర్టులో చెప్పింది, ఈ మాట చెప్పలేదు.

పరీక్ష చేసి తేల్చుకునే వీలూ ఆవిడకి దక్కలేదు. లిజీ పోయింది 1927 జూన్ 1న. మనిషి మెదడు నుంచి ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్తు గీతలు, తీయొచ్చని హాన్స్ బెర్గర్ లోకానికి చెప్పింది 1929లో.

గోదారి గట్టు:

ఫిట్సూ లేదు, ఏమీ లేదు. వేటమాంసం మహిమ! హత్యలకి రెండు రోజుల ముందు ఇంటిల్లిపాదికీ వాంతులట కదా. ఆగస్టు ఎండల్లో అదే మాంసం రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ వేడిచేసుకు తిన్నారట. మా ఆవిడ నిన్నటి కూర మూడోసారి వేడిచేస్తే నాకూ గొడ్డలి కనిపిస్తుంది. ఆయ్.

భీమవరం ల్యాబ్:

గట్టుగారి జోకు బాగానే ఉంది గానీ అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. మనం చేపల పులుసు మర్నాటికి ఉంచుకుంటే చింతపండు పులుపు కొంత కాపాడుతుంది. పులుపు లేని మాంసం సూపుకి ఆ రక్ష లేదు. కొన్ని క్రిములు వదిలిన విషం మళ్ళీ మరగబెట్టినా పోదు. క్రిమి చస్తుంది, విషం ఉండిపోతుంది. ఆబీ మాత్రం తమకెవరో విషం పెట్టారని భయపడి ముందురోజు ఎదురింటి డాక్టర్ బోవెన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చూడ్డానికి వస్తే పెద్దాయన, నేను ఫీజు ఇవ్వను పొమ్మన్నాడు. చనిపోయాక ఇద్దరి కడుపుల్నీ, ఇంట్లో పాలనూ హార్వర్డ్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ వుడ్ పరీక్షించాడు. విషం దొరకలేదు. కాబట్టి అది పాడైన తిండే అనుకోవాలి. దాంతో కడుపు చెడుతుంది, మతి చెడదు.

రక్తం సంగతి కూడా. లిజీ లోపలి లంగా మీద గుండుసూది తలంత మరక ఒకటే దొరికింది. అప్పుడే నెలసరి ముగిసిన మనిషి బట్ట మీద అంత మరక దేనికైనా ఉంటుంది. సెల్లారులో రక్తపు గుడ్డలున్న బకెట్ ఒకటి కనిపిస్తే, అవి నెలసరివని చెప్పగానే పోలీసులు సిగ్గుపడి వదిలేశారు. ఈ కేసులో నాకు కోపం వచ్చేది అక్కడే. ముట్టు గుడ్డలు చూడ్డానికి మొహమాటపడి జబ్బు మాత్రం ముట్టు మీదకి తోశారు!

పాలకొల్లు మందుల షాపు:

సిస్టర్‌గారూ, మీ మాటతో సగం బరువు దిగింది. తోపు గురించి నేను ఇన్నేళ్ళూ తలకిందులుగా ఆలోచించానన్నమాట.

మిగతా సగం నా శాఖలోది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి. ఒకాయన నాకు విడిగా మెసేజ్ పెట్టారు: "డాక్టర్ ఆవిడకి బ్రోమైడ్ ఇచ్చాడు, బ్రోమైడ్ ఫిట్స్ మందే కదా" అని. నిజమే, లాకాక్ అనే లండన్ డాక్టరు 1857లో పొటాషియం బ్రోమైడ్‌ని మొదట వాడిందే నెలసరితో వచ్చే ఫిట్స్‌కి. 1912లో ఫినోబార్బిటాల్, అదే మన గార్డినాల్, వచ్చేదాకా ఫిట్స్‌కి గట్టి మందు అదే. కానీ హత్యల రోజున బోవెన్ ఇచ్చింది బ్రోమో కెఫీన్. అది తలనొప్పికీ, దడకీ అందరికీ ఇచ్చే పొడి. మా నాన్నగారి రోజుల్లో కూడా బ్రోమైడ్ మిక్స్చర్ పరీక్ష తప్పిన కుర్రాడికీ ఇచ్చేవారు, మొగుడు పోయిన ఇల్లాలికీ ఇచ్చేవారు. దాన్నిబట్టి జబ్బు పేరు పెడితే ఊళ్ళో సగంమందికి మూర్ఛరోగం అంటగట్టాలి.

అసలు మందు ఆ తర్వాతది. హత్యల మర్నాడు, శుక్రవారం రాత్రి నుంచి మార్ఫిన్. మొదట గ్రెయినులో ఎనిమిదో వంతు, శనివారం నుంచి రెట్టింపు, అంటే నాలుగో వంతు. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. అంటే ముందు 8, తర్వాత 16 మిల్లీగ్రాములు. ఆమె వాంగ్మూలం తీసుకున్నది ఆగస్టు 9 నుంచి 11 దాకా. అప్పటికీ మందు నడుస్తూనే ఉంది. తండ్రి ఇంటికొచ్చినప్పుడు ఎక్కడున్నావంటే వంటింట్లో అంది, తర్వాత మేడ మీద అంది, మళ్ళీ వంటింట్లో అంది. గాలానికి కట్టే సీసం ముక్క కోసం కొట్టం అటకెక్కి, ఆ ఉక్కలో బేరిపళ్ళు తింటూ నిలబడ్డానంది. చదివినవాళ్ళు కొందరు అబద్ధం అంటారు, కొందరు జబ్బు అంటారు. నాకు మోతాదు కనిపిస్తోంది. మార్ఫిన్ జ్ఞాపకాన్ని తారుమారు చేయగలదని, లేనివి ఉన్నట్టు అనిపించేలా చేయగలదని బోవెన్ కోర్టులో తనే ఒప్పుకున్నాడు. ఈ మొత్తం కేసులో లిజీ బుర్ర మీద పనిచేసిందని కాగితం మీద రుజువున్నది ఇదొక్కటే. అది కూడా హత్యల తర్వాత వేసింది.

ఇంకొకటి. హత్యలకి ముందురోజు లిజీ మందుల షాపుకి వచ్చి, సీల్ చర్మపు కోటు శుభ్రం చేసుకోవాలి, పది సెంట్ల ప్రూసిక్ యాసిడ్ (సైనైడ్ విషం) ఇమ్మందని ఎలై బెన్స్ అనే కుర్ర ఉద్యోగి చెప్పాడు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడట. లిజీ తాను ఆ షాపుకే వెళ్ళలేదంది. కోర్టు ఆ సాక్ష్యం జ్యూరీ ముందుకి రానివ్వలేదు. నేను మాత్రం బెన్స్ మాట నమ్ముతాను. కారణం పుస్తకాల్లోది కాదు. కౌంటర్ వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డాను. మందు ఇచ్చి పంపినవాళ్ళ మొహాలు సాయంత్రానికి మర్చిపోతాం. ఇవ్వనని తిప్పి పంపినవాళ్ళ మొహం మర్చిపోలేం. ఆగస్టు నెలలో చలికోటు శుభ్రం చేసుకుంటాననే మనిషిని అసలు మర్చిపోం. బెన్స్ చెప్పింది నిజమైతే ముందురోజే ఏదో ఆలోచన ఉందన్నమాట. ముందురోజు కొట్టుకి పంపించే ఫిట్ ఎక్కడా ఉండదు కదా సిస్టర్‌గారూ?

ప్లీడరు గుమాస్తా, అమలాపురం:

మా ప్లీడరుగారి దగ్గర 20 ఏళ్ళుగా కాగితాలు మోస్తున్న అనుభవంతో చెప్తున్నాను. జబ్బు వాదన లిజీ పక్షం అసలు ఎత్తనేలేదు. ఎత్తితే మునిగిపోయేది. మతి స్థిమితం లేక చేశాను అనాలంటే ముందు చేశాను అనాలి. మన దగ్గరా అంతే. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 84వ సెక్షన్, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్ 22. చేసిన పని ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితి అని ముద్దాయే చూపించుకోవాలి. గొడ్డలి దాచినవాడికి, బట్ట కాల్చినవాడికి ఆ సెక్షన్ దొరకడం చాలా కష్టం. లిజీ ఆ ఆదివారం తన గౌను ఒకటి, రంగు మరక పడిందని చెప్పి, స్నేహితురాలు చూస్తుండగానే పొయ్యిలో వేసి కాల్చింది కదా.

పైగా ఆవిడ లాయరు జార్జ్ రాబిన్సన్ మాజీ గవర్నరు. బెంచి మీద ముగ్గురు జడ్జీల్లో ఒకరిని జడ్జిగా వేసింది ఆయనే, గవర్నరుగా ఉన్నప్పుడు. మందుల షాపుగారు చెప్పిన మార్ఫిన్ వాంగ్మూలం కూడా కోర్టు పక్కన పెట్టేసింది, లాయరు లేకుండా తీసుకున్నారని. జ్యూరీ గంటన్నరలో తేల్చేసింది. గెలిచే కేసులో పిచ్చి అని ఎవరు రాసిస్తారండీ?

గోదారి గట్టు:

మరి కోర్టులో స్పృహ తప్పి పడిపోయింది కదా? అది ఫిట్ కాదా?

రాజోలు సిస్టర్:

బల్ల మీద కన్నతండ్రి పుర్రె కనిపించింది గట్టుగారూ. పోస్టుమార్టంలో తలలు వేరుచేసి పుర్రెలు కోర్టుకి తెచ్చారు. మీరైనా పడతారు.

ఇంకొక మాట తమ్ముడుగారికి. విడుదలయ్యాక లిజీ అదే ఊళ్ళో ఇంకా పెద్ద ఇల్లు కొనుక్కుని 34 ఏళ్ళు బతికింది. ఇంటి నిండా పనివాళ్ళు. ఊరంతా కిటికీల్లోంచి ఆవిడనే చూసేవారు. మందు లేని టెంపొరల్ లోబ్ జబ్బు అంతకాలం, అన్ని కళ్ళ మధ్య దాగదు. మీ అత్తయ్యది దాగిందా?

ఇప్పుడెలా ఉన్నారావిడ?

పాలకొల్లు మందుల షాపు:

బాగున్నారండి. వరద తగ్గిన మర్నెలే నాన్న కాకినాడ తీసుకెళ్ళి ఈఈజీ తీయించారు. కార్బమజెపైన్ మొదలుపెట్టాక ఏడాదికి ఒకటో రెండో, తర్వాత అవీ లేవు. ఇప్పుడు 81. చెవులు కొంచెం తగ్గాయంతే.

నిన్న సాయంత్రం ఈ కథంతా ఆవిడకి చెప్పాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అమెరికా అనీ, 1892 అనీ ఆవిడకి పట్టలేదు. ఆ పిల్లకి నీ జబ్బే ఉండేదని, ఆ మైకంలో గొడ్డలితో ఇద్దర్ని చంపిందని కొందరు అంటున్నారు అత్తయ్యా, అన్నాను. ఈనె తీయడం ఆపి నా వంక చూసింది.

"ఎదురుగా పొయ్యి మీద పులుసు మాడిపోతున్నా తెలిసేది కాదురా నాకు. గొడ్డలెక్కడుందో ఎలా తెలుస్తుంది?"

అని, ముక్కు చిట్లించి, "బాబాయి నుదుటి మీద ఆ గీత ఇంకా ఉందా?" అంది. ఉందన్నాను. రేపు ఆదివారం ఆయన్ని భోజనానికి పిలవమంది.